ఐదవ ముక్క మారే వేళ

నాగుపాము కాటు వేసిన మనిషికి కనురెప్పలు వాలిపోతాయని, మాట ముద్దగా మారుతుందని వినుకొండ చుట్టుపక్కల చేలల్లో పనిచేసేవారికి వేరే చెప్పనక్కరలేదు. నరం పంపిన కబురు కండకు అందకుండా విషం అడ్డుపడడమే అందుకు కారణం. నరం కొస నుండి ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం వెలువడి, కండ మీదనున్న చిన్న వాకిలిని తెరుస్తుంది. అప్పుడే కండ కదులుతుంది. ఆ వాకిలి ఒక మాంసకృత్తు. వైద్యులు దానిని రిసెప్టర్ అంటారు. విషం దానికి గడియ పెట్టేస్తుంది.

ఈ వాకిలి ఐదు ముక్కల కూర్పు. రెండు ఆల్ఫా, ఒక బీటా, ఒక డెల్టా ఎప్పుడూ ఉంటాయి. ఐదవది మాత్రం మారుతుంది. తల్లి గర్భంలో అది గామా. సుమారు 33వ వారం నాటికి దాని స్థానంలోకి ఎప్సిలాన్ వస్తుంది. గామా ఉన్న వాకిలి ఎక్కువసేపు తెరచుకొని ఉంటుంది గాని ప్రవాహం సన్నం. ఎప్సిలాన్ ఉన్నది కొద్దిసేపే తెరచుకుంటుంది, ప్రవాహం మాత్రం జోరు.

ఈ చిన్న తేడా వలన కుటుంబాలకు కలిగే కష్టం చిన్నది కాదు. గామాలో పుట్టుకతో లోపముంటే శిశువు గర్భంలో సరిగా కదలలేక, కీళ్లు బిగిసి పుడుతుంది. పుట్టాక ఎప్సిలాన్ పని అందుకుంటుంది కనుక కండల నీరసం నిలువదు. బిగిసిన కీళ్లకు మాత్రం చికిత్స కావాలి. ఎప్సిలాన్‌లో లోపముంటే బిడ్డకు రెప్పలు వాలతాయి, పాలు తాగుతూనే అలసిపోతుంది. అటువంటి బిడ్డలలో పాత గామా కొంత మిగిలి ఉండి ప్రాణం నిలుపుతుంది.

మయస్థీనియా గ్రేవిస్ జబ్బున్న తల్లి రక్తంలోని ప్రతిరక్షకాలు మాయ గుండా శిశువును చేరవచ్చు. పుట్టిన బిడ్డకు వచ్చే నీరసం సాధారణంగా కొన్ని వారాలలో తగ్గిపోతుంది. అవి గామా రకాన్నే పట్టుకొనేవైతే తల్లికి ఏ బాధా లేకపోయినా కడుపులో బిడ్డ కదలిక కుంటుపడవచ్చు.

జన్యులోపం సాధారణంగా తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి కలిసినప్పుడే జబ్బుగా బయటపడుతుంది. అట్టి దంపతులకు ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు అవకాశముంటుంది. మేనరికాలలో ఈ కలయిక ఎక్కువ. కనుక అత్తమామలారా, కోడలి నడకనో, గ్రహణాన్నో నిందించవద్దు. ఆ భారం ఇద్దరిదీ. నేరం ఎవరిదీ కాదు.

గర్భిణీ సోదరీమణులారా, బిడ్డ కదలిక తగ్గితే తెల్లవారేదాకా ఆగక ఆసుపత్రికి వెళ్లండి. వెనుకటి కాన్పులో బిడ్డ కీళ్లు బిగిసి పుట్టి ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. హైదరాబాదు నిమ్స్‌లో జన్యు వైద్య విభాగమున్నది. రెప్పలు వాలే బిడ్డలలో చాలామందికి మందులున్నాయి. అయితే ఒక రకానికి మేలుచేసే మాత్ర మరొక రకానికి కీడు చేస్తుంది. పొరుగింటి బిడ్డ మందు మన బిడ్డకు వేయరాదు.