వెలుగే చేను మేస్తే



తెలుగులో 'వెలుగు' అన్న మాటకు కాంతి అనే కాక, కంచె అనే అర్థం కూడా ఉన్నది. చేనును కాచేది వెలుగు. చీకటిలో బాటసారిని కాచేదీ వెలుగే. కంచె చేను మేయడమంటే ఏమిటో చూడదలచినవారు రాత్రివేళ మా కణేకల్ దారులకు రావచ్చును.

రాయదుర్గం వైపు గాని, బొమ్మనహాళ్ మీదుగా బళ్ళారి వైపు గాని సైకిలుపై పోయేవారికి వేరే చెప్పనక్కరలేదు. చెట్టు అడ్డులేని బయలు సీమ. ఎదురుగా వచ్చే కారు దీపం ఎంతో దూరాననే కళ్ళలో పడుతుంది. అది దాటిపోయిన తరువాత కూడా కొన్ని క్షణాలు త్రోవ కానరాదు. "ముసలి కళ్ళు గదా, సార్!" అంటారు. నిజమే, వయసు మీరిన కంటిలో కాంతి చెదురుతుంది. మరి పైరుకు నీళ్ళు కట్టి వచ్చే ఇరవై యేండ్ల పిల్లవాడు చేయి అడ్డం పెట్టుకొని నిలబడిపోతున్నాడేమి?

కారణాలు మూడు. మొదటిది దీపపు జాతి. పాత హాలోజెన్ బల్బుది పసుపు వెలుగు. నేటి ఎల్‌ఈడీ తెలుపు నీలికాంతి నుండి పుట్టినది. ఆ నీలిపాలు కంటికి మరింతగా గుచ్చుకొంటుంది. రెండవది ఎత్తు. 1983లో వచ్చిన మారుతి 800 వెడల్పు సుమారు 1.4 మీటర్లు, 2022లో వచ్చిన స్కార్పియో-ఎన్ వెడల్పు 1.9 మీటర్లకు పైమాట. ఒళ్ళు పెరిగిన బండికి ముక్కు లేచింది. ముక్కుతో దీపమూ లేచింది. మూడవది మన చేష్ట. హాలోజెన్‌కై మలచిన గిన్నెలో అంగడి ఎల్‌ఈడీ బిగిస్తే కాంతి నలుదిక్కులా చిమ్ముతుంది. లారీల వెనుక 'యూజ్ డిప్పర్ ఎట్ నైట్' అని వ్రాసుకొనే దేశంలో డిప్పర్ కొట్టేవాడే కరువైనాడు.

"పెద్ద బండి భద్రం" అంటారు. ఎవరికి? లోపల కూర్చున్నవానికి. ఎదుటివాడు పెద్దది కొన్నాడని తానూ కొన్నవాడు తన భయాన్ని పక్కవానికి అంటగడుతున్నాడు. ఈ పందెంలో గొర్రెలమంద తోలుకొని వచ్చే కాపరి ఏమి కొనగలడు?

చట్టం లేక కాదు. కాంతి క్రిందికి వంగి ఉండాలనీ, దీపానికి 8 మీటర్ల దూరంలో, నేలకు 1.5 మీటర్ల ఎత్తున ఉన్న కంటికి మిరుమిట్లు గొలుపరాదనీ 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలోనే, 106వ నిబంధనలో, వ్రాశారు. ఆ ఎత్తు ఇంచుమించు మన సైకిలువాని కన్నే! కాని సొంత కారుకు రిజిస్ట్రేషను 15 ఏండ్లది. అంతదాకా దాని దీపం ఎటు చూస్తున్నదో అడిగే నాథుడు లేడు. పొగ తనిఖీకి బండి నిలిపే చోటనే దీపపు వాలును కూడా తనిఖీ చేయించడం ప్రభుత్వానికి కష్టమా?

అంతదాకా మీరు చేయదగినది ఒకటున్నది. చాలా కార్లలో స్టీరింగు ప్రక్కన 0 మొదలు అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. వెనుక బరువు ఎక్కినప్పుడు బండి ముక్కు పైకి లేస్తుంది గనుక, దీపాన్ని క్రిందికి దించడానికే అది. కార్లున్న మిత్రులు ఈ రాత్రి బండిని గోడ ఎదుట నిలిపి, తమ వెలుగు ఎంత ఎత్తున పడుతున్నదో ఒక్కసారి చూడండి.