పొగ ఏ రంగు?

మొన్న శనివారం పొద్దున్నే గడ్డి కోద్దామని గ్యారేజీలోంచి లాన్ మోవర్ బయటికి లాగాను. తాడు ఇలా లాగానో లేదో ఇంజను స్టార్టయింది, దాంతోపాటే సైలెన్సర్‌లోంచి గుప్పుమని పొగ. మామూలు పొగ కాదండీ బాబూ, మన ఊళ్ళో దోమల మందు బండి వచ్చినట్టు వాకిలంతా కమ్మేసింది. ఎదురింటి పెద్దాయన కుక్కని లాక్కుని లోపలికి వెళ్ళిపోయాడు.

మాది డల్లాస్ దగ్గర అద్దె ఇల్లు. గడ్డి కోసే బాధ్యత మనదేనని అద్దె కాగితాల్లోనే రాసుంది. మోవరేమో గ్యారేజ్ సేల్‌లో తొంభై డాలర్లకి కొన్నది.

వెంటనే వీడియో తీసి ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టాను. పద్దెనిమిది మందిమి, అందరం ఇంజనీర్లమే. అందులో నాతో కలిపి ఐదుగురు మెకానికల్. ఐదు నిమిషాల్లో తొమ్మిది జవాబులొచ్చాయి. "ఇంజను పోయింది మామా, పారెయ్." "బ్యాటరీది కొనుక్కో, గొడవొదిలిపోద్ది." "నెలకింత అని ఎవడికైనా ఇచ్చెయ్, వీకెండ్ పాడుచేసుకుంటావెందుకు?" దగ్గర్లో ఉన్న రిపేరు షాపుకి ఫోన్ చేస్తే ఇంకా నయం, "రింగులు పోయుంటాయి, కొత్తది కొనుక్కోవడమే మేలు" అన్నాడు. బండి మొహం కూడా చూడకుండా!

పొగ ఏ రంగులో ఉందని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు.

అడిగింది మా నాన్న. పదో తరగతితో చదువాపేసి, ముప్ఫై ఏళ్ళు కాలవ గట్టున డీజిల్ ఇంజనుతో పొలానికి నీళ్ళు తోడిన మనిషి. ఫోన్లో మాటల మధ్య చెప్తే, "నల్లగా వస్తందా, నీలంగా వస్తందా?" అన్నాడు.

"నీలం, తెలుపు కలిసినట్టుంది నాన్నా."

"అయితే ఆయిలు కాలతంది. మొన్న దాన్నేం చేశావురా?"

సిగ్గుతో చచ్చాను. ఆఫీసులో రోజుకి పదిసార్లు నేనడిగే ప్రశ్నే కదా అది! ప్రొడక్షన్‌లో ఏదైనా కూలితే ముందు చూసేది రాత్రి ఎవడు ఏం డిప్లాయ్ చేశాడనే. లాగ్ చూడకుండా "సర్వర్ పారేసి కొత్తది కొందాం" అన్నవాణ్ణి మీటింగులోనే ఉతికేస్తాం. మరి ఇంటికొచ్చేసరికి ఆ బుర్ర ఎక్కడ పెట్టొస్తున్నాం?

నేను చేసిన డిప్లాయ్‌మెంట్ ఇదీ: ముందు వారం బ్లేడు కింద అంటుకున్న గడ్డి గీకడానికి మోవర్ని పక్కకి పడుకోబెట్టాను, కార్బురేటర్ కిందికొచ్చేలా. దానికి తోడు, ఎక్కువుంటే మంచిదేలే అని ఆయిలు కూడా దండిగా పోశాను. అలా పడుకోబెడితే క్రాంక్‌కేస్‌లో ఆయిలు బ్రీదర్ గొట్టంలోంచి ఎయిర్ ఫిల్టర్‌లోకి, రింగుల పక్కనుంచి సిలిండర్లోకి పాకుతుంది. ఇంజను వేడెక్కగానే అదంతా కాలి పొగవుతుంది. అంతే కథ.

చేసిన పని కూడా పెద్దదేం కాదు. ముందు స్పార్క్ ప్లగ్ వైరు పీకాను (బ్లేడు జోలికి వెళ్ళేముందు ఇది తప్పనిసరి). డిప్‌స్టిక్ చూస్తే ఆయిలు గీత దాటి పైకుంది, గీత దాకా తీసేశాను. పెట్రోలు వాసనొస్తుంటే కార్బురేటర్ లీకవుతోందని అర్థం, అప్పుడు ఆయిలు మొత్తం మార్చాలి. నాకు రాలేదు. ప్లగ్గు విప్పి, తాడు నాలుగుసార్లు లాగితే సిలిండర్లో చేరిన ఆయిలు బయటికి చిమ్మింది. ప్లగ్గు తుడిచాను, ఆయిల్లో తడిసిన కాగితం ఫిల్టర్ మార్చాను. ఆరుబయటే స్టార్ట్ చేస్తే పది నిమిషాలు పొగలు కక్కి, తర్వాత బుద్ధిగా తిరిగింది. అప్పటికీ నీలం పొగ ఆగకపోతే రింగులో, వాల్వులో, హెడ్ గాస్కెట్టో అనుమానించాలి. అదే నల్లపొగైతే దారి వేరు: పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. ఫిల్టర్ మూసుకుపోయిందా, చోక్ ఇరుక్కుందా చూడాలి.

ఇదంతా నాకు తెలియంది కాదు, అదీ అసలు బాధ. థర్మల్ ల్యాబులో వాల్వ్ టైమింగ్ డయాగ్రమ్ గీశాను, మోర్స్ టెస్ట్ చేశాను. చేశాను అంటే సీనియర్ రికార్డు చూసి రీడింగులతో సహా దించేశాను. ఇంజను చుట్టూ ముప్ఫై మందిమి నిలబడితే పానా పట్టుకున్నది ల్యాబ్ అటెండర్ ఒక్కడే. మాకు చేతులకి గ్రీజు అంటకుండానే డిగ్రీ వచ్చేసింది, క్యాంపస్‌లో ఉద్యోగమూ వచ్చేసింది. గ్రీజు అంటినవాణ్ణి మాత్రం "మెకానిక్ గాడు" అంటాం.

"నా గంట విలువెంతో తెలుసా?" అనే వాదన ఒకటుంది. తెలుసు సార్. శనివారం పొద్దున మీ గంటకి ఎవడూ పైసా ఇవ్వట్లేదు. ఆ టైములో మీరు చేసేది సగం చూసిన సినిమా పూర్తిచెయ్యడమే.

బ్యాటరీ మోవర్ కొనుక్కోండి, నాకేం గొడవ లేదు. రింగులు నిజంగా అరిగిపోతే నేనూ పారేస్తాను. పారెయ్యడం తప్పు కాదు, చూడకుండా పారెయ్యడం తప్పు. తెలుసుకోనివాడికి ఎవడేం చెప్పినా అదే నిజం. ఇవాళ మోవర్, రేపు కారు, ఎల్లుండి ఇంటి ఏసీ. ఫోన్లో "పోయుంటాయి" అన్నవాడి మాట విని నాలుగొందల డాలర్లు పెట్టేవాణ్ణే నేను, మా నాన్న అడక్కపోతే.

సాయంత్రం ఫోన్ చేసి పొగ ఆగిందని నాన్నకి చెప్పాను. పొగుడుతాడేమో అనుకున్నా. "గీత చూసి పొయ్యాలని కాలేజీలో చెప్పలేదా?" అన్నాడు.

చెప్పారు నాన్నా. రికార్డులో కూడా రాశాను.