కరువు ఆకాశానిది... మరి దుమ్ము ఎవరిది?



వాన పడకపోతే దేవుణ్ణి, పంట పోతే తలరాతను తిట్టుకోవడం మన ఇళ్ళల్లో అలవాటు. చరిత్ర వేరే మాట చెబుతోంది.

అమెరికాలోని కాన్సాస్, ఓక్లహామా, టెక్సాస్ మైదానాలకు కరువు కొత్త కాదు. ఎన్ని కరువులొచ్చినా గడ్డివేళ్ళు అక్కడి మట్టిని పట్టి ఉంచాయి. మొదటి ప్రపంచయుద్ధంలో గోధుమ ధర పెరిగింది. ట్రాక్టర్లు దిగాయి. లక్షల ఎకరాల గడ్డినేల దున్నేశారు. తర్వాత ధర కూలింది, 1931 నుంచి వానలు ముఖం చాటేశాయి. బోసిపోయిన నేల గాలికి లేచింది. 1935 ఏప్రిల్ 14న పట్టపగలే చీకటి కమ్మింది. రాజధాని వాషింగ్టన్ దాకా దుమ్ము చేరాక, ఆ నెల 27న భూసంరక్షణ చట్టం వచ్చింది. పేదల కళ్ళల్లో పడినంతకాలం అది ఎవరికీ పట్టలేదు!

అంతకుముందు 1933లో, ధరలు పెంచడానికి కొంత భూమి బీడు పెట్టమని ప్రభుత్వం డబ్బిచ్చింది. పత్తి పొలాల్లో కౌలుదారుకు వాటా ఇవ్వాలన్న నిబంధన ఉన్నా, చాలామంది యజమానులు ఇవ్వలేదు. ఆ డబ్బుతో ట్రాక్టరు కొని కౌలుదారును వెళ్ళగొట్టినవారూ ఉన్నారు. కాలిఫోర్నియాకు వలసపోయినవారిలో ఇలాంటి కుటుంబాలు ఎన్నో.

ఇది పరాయి కథ కాదు. ఏటా 550 మి.మీ.కు అటూఇటూ వాన పడే మా అనంతపురంలో కొర్ర, సజ్జలను నెట్టేసి దశాబ్దాలపాటు వేరుశనగే వేశారు. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి ఇసుక గాలికి లేచి పొలాలను కమ్ముతోంది. గట్లు వేయండి, చెట్లు నాటండి అని అధికారులు చెబుతారు. మంచి మాటే. కానీ వచ్చే ఏడు ఆ చేను తనకుంటుందో లేదో తెలియని కౌలుదారు చెట్టు ఎలా నాటుతాడు? 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు పట్టాదారుకే అందింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి చట్టం సాగుహక్కు పత్రాన్ని యజమాని అంగీకారానికి ముడిపెట్టింది. నేలపై హామీ ఇవ్వకుండా నేలను కాపాడమనడం న్యాయం కాదన్నది మా అభిప్రాయం. మట్టిని కాపాడే సాయం ఏదైనా ముందు దున్నేవాడికే చేరాలి.

మనలో చాలామందిమి కూలీల, కౌలుదారుల బిడ్డలం. ఇంట్లో తొలిసారి డిగ్రీ పట్టా చూసినవాళ్ళం. అడంగల్ చదవడం, అర్జీ రాయడం మనకొచ్చు. ఈ సెలవుల్లో ఊరెళ్ళి, పంట నమోదులో సాగుచేసేవారి పేరు ఉందో లేదో చూద్దాం. లేకపోతే అర్జీ మనమే రాద్దాం. మన చదువు మొదట తీర్చవలసిన బాకీ అదే!