నెల తప్పినప్పుడు ముందు పరీక్ష, ఆ తరువాతే కషాయం

నెల తప్పి నాలుగు రోజులు గడిచేసరికి మన ఇళ్లలో రెండు పనులు వెంట వెంటనే జరుగుతుంటాయి. మందుల దుకాణం నుండి గర్భనిర్ధారణ పట్టీ తెప్పించి చూసుకోవడం ఒకటి. అందులో ఒక్క గీతే కనిపిస్తే ‘ఏమీ లేదు’ అని తీర్మానించి, బహిష్టు రావడానికి వాము కషాయం, నువ్వులు-బెల్లం, అవీ చాలకపోతే రజఃప్రవర్తినీ వటి ఆరంభించడం రెండవది. ఈ తొందరపాటునే నేను ఆక్షేపిస్తున్నాను.

రజఃప్రవర్తినిలో ముసాంబరం, అన్నభేది, వెలిగారం, ఇంగువ ఉంటాయి. ఆగిన ఋతుస్రావాన్ని కదిలించడమే దాని పని. గర్భిణికి అది నిషిద్ధం. ‘ఆయుర్వేద మందే కదా, హాని ఏముంటుంది’ అనే మాట నేను తరచుగా వింటుంటాను. పని చేసే ఔషధం ఏదైనా, చేయకూడని చోట కూడా పని చేస్తుంది.

అసలు ఆ పట్టీ కనిపెట్టేది హెచ్.సి.జి. అనే హార్మోనును. పిండం గర్భాశయపు గోడకు అంటుకొన్న తరువాతనే అది పుడుతుంది. అండం విడుదలైన సుమారు 6 నుండి 12 రోజుల మధ్య ఇది జరుగుతుంది. తొలి వారాలలో ఆ హార్మోను రెండు మూడు రోజులకొకసారి రెట్టింపవుతుంది. కనుక నేడు పట్టీకి అందనిది నాలుగు రోజుల తరువాత స్పష్టంగా అందవచ్చు. ఋతుచక్రం 35, 40 రోజులకు నడిచే స్త్రీలలో అండం విడుదలే ఆలస్యమవుతుంది. వారు నెల తప్పిన తేదీని గాక, చివరిసారి దాంపత్య కలయిక జరిగిన నాటి నుండి 21 రోజులు లెక్కించుకోవడం మేలు. త్వరపడి చూసినప్పుడు కనిపించే ఒక్క గీతకు ‘గర్భం లేదు’ అని అర్థం కాదు, ‘ఇంకా తెలియలేదు’ అని అర్థం. వారం లోపల మరొకసారి చూడాలి.

ఉదయం లేవగానే వచ్చే మొదటి మూత్రం శ్రేష్ఠం. చెంబెడు నీళ్లు త్రాగి వెళితే మూత్రం పలుచబడుతుంది. పొట్లం మీది గడువు తేదీ చూసి, పరీక్షించే వేళకే దానిని చింపాలి. ఎన్ని చుక్కలు, ఎన్ని నిమిషాలు అన్నది లోపలి కాగితంలో ఉన్నట్లే పాటించాలి. చెప్పిన సమయం దాటాక తేలిన గీతను లెక్కించరాదు. ‘సి’ వద్ద గీత రాకుంటే ఆ పట్టీయే చెడినట్లు. సమయం లోపల ‘టి’ వద్ద లేత గీత వచ్చినా గర్భమనే భావించాలి. సంతాన చికిత్సలో హెచ్.సి.జి. ఇంజెక్షను తీసుకొన్నవారికి, ఇటీవల గర్భస్రావమైనవారికి మాత్రం రెండు గీతలు మోసం చేయవచ్చు.

చక్కెర, ఉప్పు, టూత్‌పేస్టు కలిపి నురుగు చూసే పద్ధతులకు ఆధారం లేదు. సుద్ద ఉన్న పేస్టులో పురుషుని మూత్రం పోసినా నురుగు రావచ్చు!

‘మీరు నాడి చూసి చెప్పరాదా’ అని పెద్దవారు అడుగుతుంటారు. గర్భం నిలిచిన తొలినాళ్ల లక్షణాలుగా లాలాజలం ఊరడం, దేహం బరువు, మగతలను చరకసంహిత శారీరస్థానం చెప్పింది. అవి అజీర్ణంలోనూ కనిపిస్తాయి. పొగను చూసి నిప్పును ఊహించడం మన శాస్త్రం అంగీకరించిన అనుమాన ప్రమాణమే. గీతను చూసి గర్భాన్ని ఊహించడమూ అటువంటిదే. దానిని వాడుకోవడంలో వైద్యునికి చిన్నతనమేమీ లేదు.

అయితే గర్భం ఉన్నదని చెప్పే పట్టీ, అది ఎక్కడ ఉన్నదో చెప్పలేదు. పిండం అండనాళంలో నిలిచినా రెండు గీతలే వస్తాయి. అందుచేత ఫలితం తెలిసిన పిమ్మట స్త్రీవైద్య నిపుణురాలికి చూపించాలి. ఈ లోపల పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, రక్తస్రావం, భుజపు కొనన నొప్పి, కళ్లు తిరగడం వంటివి కనిపిస్తే కాపడం పెడుతూ, ఇంటి వైద్యునికి కబురు పంపుతూ కూర్చోక, శస్త్రచికిత్సా సౌకర్యం గల ఆసుపత్రికి తక్షణమే తీసుకొనిపోవాలి.