ముల్లా... అంకెలా?

చేప తినేటప్పుడు ముల్లు చూసుకోవాలి. కొనేటప్పుడూ ముల్లే చూసుకోవాలి. మొదటిది గొంతులో గుచ్చుకుంటుంది. రెండోది జేబులో!

రొళ్ల తెలుసుగా? మడకశిర దాటి కర్ణాటక సరిహద్దు వైపు పోతే వచ్చే మండలం. ఒకప్పుడు అనంతపురం జిల్లా. 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లా. తెలుగులో మొదలైన మాట కన్నడంలో ముగిసే ఊళ్లు. వానలు కరుణించి చెరువు నిండిన ఏడాది అక్కడా చేపల సందడే. కట్ల, రోహు, జిలేబీ... మోటారు సైకిల్ వెనక బుట్ట కట్టుకుని ఇంటి ముందుకే తెచ్చి అమ్ముతారు.

ఆ మధ్య అటు వెళ్లినప్పుడు చూసిన ముచ్చట ఇది. అమ్మే అతను స్ప్రింగ్ కాటా కొక్కేనికి సంచి తగిలించి పైకెత్తాడు. సంచిలో చేప ఇంకా కొట్టుకుంటోంది. ముల్లు కిందికీ మీదికీ ఊగుతోంది.

"ఏమప్పా, ముల్లు నిలబడనే లేదే?" అందొకావిడ.

"చేప ఎగురుతా ఉంటే ముల్లెట్ల నిలబడుతుందక్కా?"

"అట్లయితే అంకెల కాటా తెచ్చుకో. దాంట్లో మోసముండదంట."

"అది తడి తగిలితే పలకదక్కా. చేపలమ్మేవాని చేతికి తడి లేకుండా ఎట్ల?"

ఇద్దరి మాటలోనూ నిజముంది. మరి ఏ కాటా మంచిది?

ముందు స్ప్రింగ్ సంగతి చూద్దాం. ఎంత బరువు వేలాడదీస్తే అంత సాగుతుంది. 1678లో రాబర్ట్ హుక్ ప్రకటించిన సూత్రం ఇదే. కరెంటు అక్కర్లేదు. బ్యాటరీ అక్కర్లేదు. కిందపడినా పెద్దగా అలగదు. చెరువు గట్టు మీదైనా, బండి మీదైనా పనికొస్తుంది. అయితే స్ప్రింగ్ కూడా అలసిపోతుంది. పది కిలోల కాటాకు పదిహేను కిలోలు తగిలిస్తే సాగిన స్ప్రింగ్ మళ్లీ పూర్తిగా ముడుచుకోదు. అప్పుడు ఖాళీగా ఉన్నా ముల్లు సున్నా దాటి నిలబడుతుంది. పైగా అరిగి బలహీనపడిన స్ప్రింగ్ తక్కువ బరువుకే ఎక్కువ సాగుతుంది. ఆ నష్టం కొనేవాళ్లదే! తుప్పు పట్టి ఎక్కడైనా ఇరుక్కుంటే ముల్లు తక్కువ చూపవచ్చు. అప్పుడు నష్టం అమ్మేవాడిది.

ఇంకో ఇబ్బంది గీతలతో. పెద్ద కాటా మీద గీతకూ గీతకూ మధ్య వంద గ్రాములుండొచ్చు. అరకిలో చేపను దాని మీద తూస్తే ముల్లు ఏ గీత దగ్గరుందో చూసే కంటిని బట్టి ఉంటుంది. పక్కనుంచి చూస్తే ఒక లెక్క, ఎదురుగా చూస్తే ఇంకో లెక్క.

డిజిటల్ కాటాలో ఈ తగాదా లేదు. అంకె ఎటునుంచి చూసినా ఒకటే. గిన్నె బరువును ఒక్క మీటతో తీసేయొచ్చు. ఊగే చేపను తూచడానికి అంకెను నిలిపే సదుపాయమూ కొన్నింటికి ఉంటుంది. అంతమాత్రాన అది తప్పు చెప్పదని కాదు. దాని లోపలా ఒంగేది లోహమే. లోడ్‌సెల్ అనే లోహపు కడ్డీ బరువుకు కంటికి కనిపించనంత ఒంగుతుంది. ఆ ఒంపును విద్యుత్తుగా మార్చి అంకె చూపిస్తారు. తడి చేరినా, బ్యాటరీ నీరసించినా, బరువు మించి వేసినా ఆ అంకె దారి తప్పుతుంది. సీలు విప్పి లోపలి సెట్టింగ్ మార్చినా అంతే. అయిదు గ్రాముల తేడా చూపించడం వేరు, అయిదు గ్రాములు సరిగ్గా చూపించడం వేరు.

ఓ చిన్న లెక్క వేద్దాం. కాటా కిలోకు 50 గ్రాములు తప్పు చూపిస్తోందనుకుందాం. రోజుకు 20 కిలోలు అమ్మితే తేడా కిలో. చేప కిలో 200 రూపాయలైతే రోజుకు 200 రూపాయలు! తక్కువ చూపే కాటా అయితే అది అమ్మేవాడి కూలి. ఎక్కువ చూపే కాటా అయితే కొన్నవాళ్లందరి జేబుల్లోంచి కిలోకు పది రూపాయల చొప్పున పోయిన సొమ్ము. అతను మోసగాడు కానక్కర్లేదు. స్ప్రింగ్ అలసిపోతే చాలు.

అందుకే ఎంపిక అవసరాన్ని బట్టి ఉండాలి. ఊరూరా తిరిగి, తడి చేతులతో, పెద్ద చేపలు అమ్మేవారికి స్ప్రింగ్ కాటా చాలు. కానీ తూచే బరువుకు తగిన సైజుది కొనాలి. అరకిలోలు, పావుకిలోలు అమ్మేవారికి యాభై కిలోల కాటా ఎందుకు? బల్ల వేసుకుని, ఖరీదైన కొర్రమీను లాంటివి అమ్మే దుకాణానికి డిజిటలే మేలు. అయితే నీళ్లకు తట్టుకునే రకం చూసుకోవాలి. కాటాను ఐసు గడ్డల పక్కన పెట్టకూడదు.

ఏది కొన్నా తూనికలు, కొలతల శాఖ ముద్ర తప్పనిసరి. లీగల్ మెట్రాలజీ చట్టం 2009లో వచ్చింది, 2011 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. స్ప్రింగ్ అయినా డిజిటల్ అయినా వ్యాపారానికి వాడే కాటాను ఏడాదికోసారి పరీక్ష చేయించి ముద్ర వేయించుకోవాలి. తూకంలో తేడా వస్తే కొన్నవారు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోన్ చేయొచ్చు.

ఇక కొనేవాళ్లు చేయాల్సినవి మూడే. తూచకముందు ముల్లు గానీ అంకె గానీ సున్నా దగ్గరుందా అని చూడాలి. సంచి, బుట్ట బరువు తీసేశారా అని అడగాలి. చేపను నీళ్లు కారిపోయాకే తూయమనాలి. అడగడానికి మొహమాటమెందుకు?

ఇంతకీ రొళ్లలో ఆవిడ ఏం చేసిందో చెప్పలేదు కదూ! గబగబా ఇంట్లోకెళ్లి విప్పని కిలో ఉప్పు ప్యాకెట్ తెచ్చి సంచిలో వేసింది. "తూయప్పా" అంది. చుట్టూ ఉన్నవాళ్లు మెడలు సాచారు. ముల్లు కొంచెం ఊగి, కిలో గీత దగ్గర ఆగింది. అందరికంటే ముందు ఊపిరి పీల్చుకుంది ఆ చేపలతనే.

"ఇప్పుడు నమ్మకమేనా అక్కా?" అని చేప తూచి, పైన ఓ చిన్న జిలేబీని కొసరేశాడు.

డిజిటల్ కాటా ఆ కొసరును కూడా గ్రాముల్లో చూపించేది. కానీ ఆ పూట వాళ్లిద్దరికీ కావలసిన అంకెను తేల్చింది ఉప్పు ప్యాకెట్టే!