దమ్‌దమ్ తూటా నేర్పిన పాఠం

కలకత్తా శివార్లలోని దమ్‌దమ్ పేరు వినగానే చాలామందికి విమానాశ్రయం స్ఫురిస్తుంది. కాని విమానాలు రాకమునుపే ఆ ఊరి పేరును ఒక తూటా దేశదేశాలకూ మోసుకుపోయింది. అది తెచ్చిపెట్టిన అపకీర్తి నేటికీ మాసిపోలేదు.

ఆంగ్ల సైన్యం పాత లావు తూటాల తుపాకులు మాని, సన్న తూటాల రైఫిళ్లు చేపట్టిన రోజులవి. గట్టి లోహపు తొడుగు గల ఆ తూటా మనిషిని సూటిగా చీల్చుకుని అవతలికి పోయేది. 1895లో చిత్రాల్ దండయాత్ర తర్వాత, దెబ్బ తిన్నవాడు కూడా ఆగకుండా మీదికి వస్తున్నాడని సైనికులు మొరపెట్టుకున్నారు. దమ్‌దమ్ కర్మాగారం అధికారి కెప్టెన్ బెర్టీ క్లే తూటా మొన వద్ద తొడుగు తీసివేసి, లోపలి మెత్తని సీసం బయటపడేలా చేశాడు. శరీరాన్ని తాకగానే ఆ సీసం చితికి వెడల్పయ్యేది. 1897లో వాయవ్య సరిహద్దు తెగలపై దీనిని ప్రయోగించారు.

మొన వద్ద గుంట ఉన్న తూటా కూడా ఈ కోవలోనిదే. నీటిశాతం హెచ్చుగా ఉన్న కండను వేగంగా తాకినప్పుడు ఆ గుంటలో ఒత్తిడి పెరిగి, అంచులు బయటికి విచ్చుకుంటాయి. తూటా పుట్టగొడుగు ఆకారం దాలుస్తుంది. గాయం పెద్దదవుతుంది, తూటా వేగం త్వరగా తగ్గుతుంది. 1898లో వెబ్లీ రివాల్వర్‌కు ఇటువంటి సీసపు తూటానే ఇచ్చి, ‘మనిషిని నిలవేసేది’ అని అర్థం వచ్చే పేరుతో పిలిచారు.

1899లో హేగ్ నగరంలో జరిగిన శాంతి మహాసభలో ఈ తూటాలపై పెద్ద వాదమే నడిచింది. నాగరికుడైన సైనికుడు గాయపడితే ఆగుతాడనీ, అనాగరికుడు ఆగడనీ ఆంగ్ల ప్రతినిధి జనరల్ ఆర్డా వాదించాడు. ఒకే నెత్తురుకు రెండు ధర్మాలు చెప్పిన ఈ వాదన సభలో నెగ్గలేదు. శరీరంలో సులువుగా విచ్చుకునే తూటాలను యుద్ధంలో వాడరాదని ప్రకటన వెలువడింది. బ్రిటన్, అమెరికా వ్యతిరేకించాయి. అయినా 1900లో ఆ వెబ్లీ తూటాను సైన్యం నుంచి ఉపసంహరించుకోక తప్పలేదు. 1907లో బ్రిటన్ కూడా ఆ ప్రకటనకు తల ఒగ్గింది. 1998 నాటి రోమ్ ఒప్పందం దేశాల మధ్య యుద్ధాల్లో వీటి వాడకాన్ని యుద్ధ నేరాల్లో చేర్చగా, 2010లో అంతర్యుద్ధాలకు సైతం ఆ నిబంధనను విస్తరింపజేసే సవరణ జరిగింది.

అయితే హేగ్ ప్రకటన యుద్ధానికే పరిమితం. పోలీసు విధులకు అది వర్తించదు. శత్రు సైనికునిపై వాడకూడని తూటాను పౌరునిపై వాడవచ్చునా అన్న ప్రశ్న సహజం. దీనికి పోలీసు శాఖల వద్ద సమాధానం లేకపోలేదు. సంతలోనో, బస్టాండులోనో కాల్చవలసి వస్తే, గట్టి తూటా నేరస్థుని దాటిపోయి వెనుకనున్న అమాయకునికి తగలవచ్చు. విచ్చుకునే తూటా చాలావరకు తాకిన శరీరంలోనే నిలిచిపోతుంది. 1970 దశకంలో అమెరికా పోలీసులు రివాల్వర్లకు ఇటువంటివి చేపట్టడానికి ఇదొక కారణం. ఈ వాదనను తేలికగా కొట్టిపారేయరాదు.

కాని ఆ భరోసా సంపూర్ణం కాదు. పొట్టి గొట్టం గల రివాల్వర్ నుంచి తూటా వేగం తక్కువగా వస్తుంది. కొన్నిసార్లు దట్టమైన బట్ట పీలికలు గుంటలో కూరుకుంటాయి. అప్పుడు తూటా విచ్చుకోక, మామూలు తూటాలాగే దూసుకుపోవచ్చు. గురి తప్పినప్పుడు ఏ తూటా అయినా ఒకటే. విచ్చుకున్నప్పుడు మాత్రం దాని గాయం మాన్పడం వైద్యులకు కష్టసాధ్యం.

కనుక ఏ రకం తూటా వాడుతున్నదీ పోలీసు శాఖ గుట్టుగా ఉంచదగిన విషయం కాదు. కాల్పులు జరిగిన ప్రతిచోటా విచారణాధికారి ఎన్ని తూటాలు పేలాయన్నదే గాక, అవి ఏ రకానివో కూడా నివేదికలో రాయాలి. వైద్యుడు శరీరం నుంచి తీసిన తూటా ఆకారాన్ని నమోదు చేయాలి. హేగ్ సభలో తేలినది ఒక్కటే: కాల్చే అధికారం ఉన్నంత మాత్రాన, కోరినంత బాధ పెట్టే అధికారం ఉన్నట్లు కాదు. యుద్ధభూమిలో చెల్లిన ఈ ధర్మం ఊరి రచ్చబండ వద్ద చెల్లకపోవడానికి కారణం కనిపించదు.