మా అమ్మాయి కారు బేరం

పెళ్ళిసంబంధం చూడబోయినప్పుడూ, పాత కారు కొనబోయినప్పుడూ మనవాళ్ళు చేసే పొరపాటు ఒక్కటే. చూడవలసినది చూడరు, వాళ్ళు చూపించినది చూసి వచ్చేస్తారు. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెప్పుకుంటున్న నాకు ఈ సంగతి తెలియలేదు. ఇరవై ఏళ్ళ మా అమ్మాయి చెబితే తెలిసింది.

మాది గుంటూరు. అమ్మాయి ఊరికి ఇరవై కిలోమీటర్ల అవతల ఇంజనీరింగు చదువుతోంది. మా అమ్మకు వారానికి రెండుసార్లు డయాలిసిస్. సాయంకాలం ఆరింటికి వెళితే, అయ్యేసరికి రాత్రి పది దాటుతుంది. ఆ వేళప్పుడు ఆటో దొరకడం ఒక ఎత్తు. దొరికిన ఆటోలో గతుకుల మీద ఆవిడ పడే యాతన మరొక ఎత్తు. చూసి చూసి, 2025 వేసవి సెలవుల్లో అమ్మాయి ఇంట్లో ఒక తీర్మానం ప్రవేశపెట్టింది.

"పాత కారొకటి కొందాం నాన్నా. పగలు కాలేజీకి పనికొస్తుంది, రాత్రి నాయనమ్మకు పనికొస్తుంది. లైసెన్సు నాకుంది. డబ్బే చూడాలి."

డబ్బు చూశాం. మా అమ్మ పోస్టాఫీసు డిపాజిట్టు 1,20,000. నావి 50,000. అమ్మాయి వీధిలో పిల్లలకు లెక్కలు చెప్పి కూడబెట్టినవి 30,000. వెరసి రెండు లక్షలు.

"అయితే రెండు లక్షల్లో కారు చూద్దాం" అన్నాను.

"లక్షా డెబ్బైలో చూద్దాం. మిగతా ముప్ఫై వేలూ కొన్న నెలలోనే ఆ కారు తింటుంది" అంది అమ్మాయి.

ఇది మొదటి పాఠం. పాత కారుకు రెండు ధరలుంటాయి. ఒకటి అమ్మేవాడికిచ్చేది, రెండోది టైర్లకు, బ్యాటరీకి, బీమాకు, పేరు మార్పుకు ఇచ్చేది. చేతిలో ఉన్నదంతా మొదటి ధరకే పెట్టినవాడి కారు ఇంటిముందు తులసికోటలాగా నిలబడి ఉంటుంది తప్ప కదలదు.

నా మనసంతా మారుతి 800 మీద ఉంది. 1983 డిసెంబరు 14న అప్పటి ప్రధానమంత్రి ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు యజమాని చేతికిచ్చిన బండి అది. నా చిన్నతనంలో మా వీధి డాక్టరుగారి కారు అదే. దాని పక్కన నిలబడటమే ఒక హోదాగా ఉండేది. అమ్మాయి ఓపికగా విని, "దాని తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది నాన్నా. మన ధరకు దొరికేవి పదిహేనేళ్ళు నిండినవో, నిండబోయేవో. నిండితే మళ్ళీ రిజిస్ట్రేషను చేయించాలి. ఆ రుసుము 600 ఉండేది, 2022 ఏప్రిల్‌లో 5,000 చేశారు. పైగా దానికి ఎయిర్‌బ్యాగు లేదు" అంది. డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగు కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది 2019 జూలై నుంచే. అంతకు పూర్వపు చౌక కార్లలో కొన్ని రకాలకు ఉంటుంది, కొన్నిటికి ఉండదు. ఉన్నదే కొనాలని ఆమె పట్టు. రాత్రిపూట హైవే మీద నడపబోయేది ఆ పిల్లే గనక నా చిన్నతనాన్ని నేను వెనక్కి తీసికొన్నాను.

అంతలో నా పాత శిష్యుడొకడు తారసపడ్డాడు. కార్ల వ్యాపారం చేస్తున్నాడట. నడివీధిలో కాళ్ళకు దణ్ణం పెట్టాడు. "మీ దగ్గర చదువుకున్న నేనుండగా మీరు బయట వెతకడమేమిటండీ గురువుగారూ!" అన్నాడు. మర్నాడే వెళ్ళాం. మల్లెపువ్వులాంటి తెల్లకారు, ఏడేళ్ళది. తలుపు తీస్తే పెళ్ళిపందిట్లోలాగా సెంటు గుమగుమ. "బయటివాళ్ళకు రెండు లక్షల పైమాట. మీకు లక్షా అరవై" అన్నాడు. కాఫీ తెప్పించాడు. నేను కాఫీ తాగుతూనే జేబులోంచి బయానా పదివేలూ తీశాను.

"ఒక్క నిమిషం నాన్నా" అంది అమ్మాయి.

వెనక సీట్లో కూర్చుని, సీటు బెల్టు పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. పెట్టుకోవడానికి ఎంత కావాలో అంతతో ఆపలేదు. బావిలోంచి చేద లాగినట్లు చివరంటా లాగింది. పైనంతా శుభ్రంగా ఉంది. చివరి మూరెడు మీద మాత్రం గోధుమరంగు బురదచార! తరువాత సీటు కింద చెయ్యిపెట్టి చూపించింది, పట్టాలకు తుప్పు. డిక్కీలో స్టెప్నీ ఎత్తింది. దాని గుంటలో మెత్తటి ఒండ్రు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో పేటలకు పేటలు మునిగిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు నీళ్ళలో నానిన బండ్లెన్నో. ఈ కారు ఏ నీళ్ళలో మునిగిందో మాకు తెలియదు. మునిగిందన్నది మాత్రం స్పష్టం. పైన కడిగితే రంగు మెరుస్తుంది, సీట్లు ఆరతాయి, సెంటు కొడితే వాసన పోతుంది. కాని నేటి కార్ల నిండా తీగలూ, చిన్న చిన్న కంప్యూటర్లూ. వాటి అతుకుల్లో చేరిన తడి ఆరునెలలకో ఏడాదికో బయటపడుతుంది. అప్పుడు దీపం వెలగదు, అద్దం దిగదు, అవసరమైన వేళ ఎయిర్‌బ్యాగు విచ్చుకుంటుందన్న భరోసా ఉండదు.

మా శిష్యుడి ముఖం పాలిపోయింది. "నేను కొనేటప్పుడు బెల్టు లాగి చూడలేదండి గురువుగారూ" అన్నాడు. నిజమేనేమో. అతనికంటె నాకే ఎక్కువ సిగ్గేసింది. దారిలో అమ్మాయిని కోప్పడ్డాను: "శిష్యుడి ఎదుట అలా సోదా చేస్తారా? అతనేమనుకుంటాడు?"

"అది నాయనమ్మ డబ్బు నాన్నా" అంది.

మరి నేను మాట్లాడలేదు. పాత కారు బేరంలో అన్నిటికంటె ఖరీదైన వస్తువు మొగమాటం.

తరువాత ఎక్కడికి వెళ్ళినా ఐదువందలిచ్చి మా వీధి మెకానిక్‌ను వెంట తీసికొని వెళ్ళాం. అతను చూసే తీరు చూస్తే నాకు ముచ్చటేసింది. తాళపత్రంలో ప్రక్షిప్తాలు పట్టే పండితుడిలాగా తలుపుల మీదుగా ఒక అయస్కాంతం పోనిచ్చేవాడు. ఇనుము మీద అతుక్కుంటుంది. గుద్దుకున్న చోట లప్పం పూసి రంగువేసి ఉంటే జారిపోతుంది. పొద్దున్నే ముందు చెప్పకుండా వెళ్ళి, బానెట్టు మీద చెయ్యివేసి చల్లగా ఉందో లేదో చూసేవాడు. ముందే ఇంజను వేడెక్కించి ఉంచితే, చల్లటి ఇంజను చెప్పే నిజం తెలియదట. స్టార్టు చేశాక పొగను చూసేవాడు. నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతోందన్నమాట. నలుపైతే పెట్రోలు వృథా. ఎంతసేపైనా తగ్గని తెల్లపొగ అయితే లోపలికి నీళ్ళు దిగుతున్నాయన్నమాట. మీటరు ముప్ఫైవేల కిలోమీటర్లంటుంటే, బ్రేకు పెడలు రబ్బరు అరిగి నున్నగా ఉంటే, అతను రబ్బరునే నమ్మేవాడు. టైరు మీద అచ్చువేసిన నాలుగంకెలు చదవడం నాకు నేర్పాడు. 3217 అని ఉంటే 2017లో 32వ వారంలో తయారైన టైరని అర్థం. ఇన్నాళ్ళూ శాసనాలే చదవడం కష్టమనుకున్నాను.

నాలుగు కార్లు ఇలా పోయాయి. ఐదోది ఒక రిటైరయిన బ్యాంకు ఉద్యోగిది; 2014 నాటిది. రంగు వెలిసింది, తలుపుకొక సొట్ట. అయితే కొన్ననాటినుంచీ సర్వీసు బిల్లులన్నీ ఫైలు కుట్టి ఉంచారు. "ఈ సొట్ట మా అబ్బాయి గేటుకు కొట్టినది. క్లచ్చి వచ్చే ఏడాదికి మార్చాలి" అని అడక్కుండానే చెప్పారాయన. చివరి పరీక్ష మా అమ్మది. ఆవిడను తీసికొచ్చి కూర్చోబెట్టాం. సీటు ఎత్తుగా ఉంది. వంగకుండా, మోకాలు మెలిపడకుండా కూర్చుని, "దిగడానికీ బాగుందే" అంది. లక్షా అరవై ఐదు వేలకు బేరం కుదిరింది. రెండు టైర్లకు, బ్యాటరీకి, చిల్లరమల్లరకు పద్ధెనిమిది వేలయింది. మిగిలినది బీమాకూ, పేరు మార్పుకూ.

పేరు మార్పు సంగతి మీ పిల్లలకు గట్టిగా చెప్పండి. ఫారం 29 అమ్మినవారిది, ఫారం 30 ఇద్దరిదీ. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రిజిస్ట్రేషను అధికారికి తెలియజేయాలి. కారు మీద అప్పుంటే అది తీరిందన్న బ్యాంకు పత్రమూ, ఫారం 35 ఉండాలి. బీమా కూడా మన పేరుకు మార్పించుకోవాలి. అమ్మినవారికి రావలసిన నో క్లెయిమ్ బోనసు మాత్రం మనకు రాదు. "తరువాత చూసుకుందాంలే" అనుకుంటే ఇద్దరికీ ముప్పే. రికార్డులో ఎవరి పేరుంటే వారే యజమాని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వారిదే అని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఆ వారమే నా పాత స్కూటరు అమ్మకానికి పెట్టాను. మా కాలేజీ అటెండరు తన బావమరిదిని తీసికొచ్చాడు. ఆ అబ్బాయి బండి చుట్టూ తిరగను కూడా తిరగలేదు. "మాష్టారు నడిపిన బండి, ఇంక చూసేదేముందండీ!" అంటూ నోట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నా చెయ్యి దానంతటదే ముందుకు చాచుకుంది. వెనక్కి చూస్తే వసారాలో అమ్మాయి బట్టలు మడతపెడుతోంది. తల ఎత్తలేదు, ఏమీ అనలేదు.

"కాస్త ఆగు నాయనా" అన్నాను. "వెనక బ్రేకు సరిగా పట్టదు. వానాకాలంలో పది తొక్కులు తొక్కితేగాని లేవదు. అడుగున ఆయిలు కారుతుంది. మెకానిక్‌కు చూపించుకుని రా."

చూపించుకుని వచ్చాడు. మూడువేలు తగ్గించాడు. మర్నాడు నేనే ఫారం 29 నింపి సంతకం పెట్టి చేతికిచ్చాను.

ఆ రాత్రి మా అమ్మను ఆస్పత్రి నుంచి తీసికొస్తున్నాం. ఆవిడ వెనక సీట్లో దిండు మీద తలవాల్చి కునుకుతీస్తోంది. నేను ముందు కూర్చున్నాను.

"బెల్టు పెట్టుకో నాన్నా" అంది అమ్మాయి.

పెట్టుకోబోయేముందు చివరంటా లాగి చూశాను. శుభ్రంగానే ఉంది.